అమావాస్య నాటి సంతకం

నేను ఇన్నేళ్లు ఏ పని చేశానో మా ఇంట్లోవాళ్లకి ఇప్పటికీ సరిగ్గా తెలీదు. ఎవరైనా అడిగితే మా ఆవిడ "సంతకాలు బాగుచేస్తారు" అని చెప్పేది. ఆ మాట పట్టుకుని ఒకాయన ఓ భూమి తగాదాలో సాయం చేయమని గుట్టుగా మా ఇంటికి వచ్చాడు. నా పని అది కాదని చెబితే, "అందరూ మొదట అలగే అంటారు బాబూ" అని కన్ను గీటి, ఇంకో రెండు రోజులు తిరిగాడు.

నేను బాగుచేసింది ఈమెయిల్ మీద పెట్టే సంతకాలని. అంటే డిజిటల్ సర్టిఫికెట్లని. టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా, హైవేకి అటూ ఇటూ, ఉద్దానం తీరం కూడా కలుపుకుని, వాటికి రోగమొస్తే చూసే వైద్యుణ్ణి నేనొక్కణ్ణే. అంతకుముందు కాశీబుగ్గలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. అందుకని ఉద్యోగం మారినా ఊళ్లో 'మాస్టారు' అన్న పిలుపు మారలేదు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో విశాఖపట్నం కంపెనీ ఒకటి నన్ను తీసుకుని, ఒక స్కూటరూ ఒక సంచీ ఇచ్చి వదిలేసింది.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్నవాళ్లు నాకంటే చాలా చదువుకున్నారు. మీకు తెలియనిది చెప్పడానికి కాదు, మీ పుస్తకాల్లో ఉండదని నేననుకునేది చెప్పడానికి ఇది రాస్తున్నాను.

డబ్బా, సీలు, అచ్చు

మెయిల్ కింద పేరు టైపు చేస్తే అది సంతకం కాదు. పలాసవాడిగా చెప్పాలంటే అసలు సంతకం జీడిపప్పు డబ్బాకి వేసే సీలు లాంటిది. డబ్బా మూసింది ఎవరో సీలు చెబుతుంది. దారిలో ఎవరైనా తెరిస్తే అదీ చెబుతుంది. ఆ సీలు వేసే అచ్చు యజమాని కంప్యూటర్లోనే ఉంటుంది, దాన్ని కీ అంటాం. "ఈ అచ్చు ఫలానా ఆయనదే" అని పై ఆఫీసు ఇచ్చే సాక్ష్యం సర్టిఫికెట్.

కీ ఇక్కడ పుడుతుంది, సర్టిఫికెట్ అక్కణ్ణుంచి వస్తుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి. మిగతా ఉద్యోగమంతా స్కూటర్ నడపడమే.

టెక్కలిలో ఒక కాంట్రాక్టరు గారికి ఈ ముక్క చెప్పడం మరిచిపోయాను. ఒకరోజు ఫోన్ చేశారు, సంతకం పడటం లేదని. వెళ్లి చూస్తే కంప్యూటర్ కొత్త పెళ్లికూతురిలా మెరిసిపోతోంది. లోపల ఏమీ లేదు.

"నెమ్మదిగా తిరుగుతందని పార్మేట్ కొట్టించీసినాం మాస్టారూ," అన్నారు.

"మరి సర్టిఫికెట్?"

"అదెక్కడికి పోద్దండీ! ముందే ప్రింటు తీయించినాం. లామినేషన్ కూడా సేయించినాం, సూడండి."

గోడ మీద, దేవుడి పటం పక్కన, నిజంగానే తళతళలాడుతోంది. కీ పోతే కీడే అని ఆయనకి చెప్పడానికి ఆ పూటంతా పట్టింది. సాక్షి మిగిలాడు, అచ్చు కరిగిపోయింది. మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టించాను. లామినేషన్ మాత్రం ఆయన తీయలేదు, గోడకి అందంగా ఉందన్నారు.

అక్కుపల్లిలో చేపల వ్యాపారి ఒకాయన పాత మెయిల్ అడ్రసు పాస్‌వర్డ్ మరిచిపోయి కొత్త అడ్రసు తీసుకున్నాడు. సర్టిఫికెట్ పాత అడ్రసు మీద ఉంది. దానితో కొత్త అడ్రసు నుంచి సంతకం చెల్లదంటే ఆయనకి కోపమొచ్చింది.

"మనిసి నానే గదా?"

"మీరే. కానీ సర్టిఫికెట్‌కి మనిషి తెలీదండీ, అడ్రసే తెలుసు."

"అయితే మా పోస్టుమేనే నయం. అడ్రసు నేకపోయినా, మొకం సూసి ఉత్తరం ఇచ్చీత్తాడు."

నేను కొత్త అడ్రసుకి దరఖాస్తు తీసి ఆయన ముందు పెట్టాను.

ముందు గడియారం చూడు

విశాఖలో మా మేనేజరు సూర్యనారాయణ గారు. పేరుకి తగ్గట్టే ఎప్పుడు చూసినా కాలం గురించే మాట్లాడేవారు. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు నాకిచ్చిన శిక్షణ ఒకటే వాక్యం: "ఏ మిషన్ దగ్గరకి వెళ్లినా ముందు తెర మూలనున్న గడియారం చూడు, తరవాత మనిషి మొహం చూడు."

అందులో విషయం ఉంది. ప్రతి సర్టిఫికెట్‌కీ పుట్టిన ఘడియ, గడువు తీరే ఘడియ ఉంటాయి. కంప్యూటర్ తన గడియారాన్ని చూసుకునే, ఇది ఇప్పుడు బతికుందా లేదా అని తేలుస్తుంది. గడియారం తప్పితే మంచి సర్టిఫికెట్ కూడా చెల్లదు. గడియారాన్ని నడిపే చిన్న బిళ్ల బ్యాటరీ అయిపోతే తారీకు వెనక్కి పోతుంది. అందుకని నా చొక్కా జేబులో ఎప్పుడూ ఒక కొత్త బ్యాటరీ ఉండేది. ఒకసారి కిళ్లీకొట్టులో చిల్లర అనుకుని దాన్నే ఇచ్చేశాను. అతనూ చూసుకోకుండా గల్లాలో వేసుకున్నాడు.

సూర్యనారాయణ గారి వాక్యంలో మొదటి సగం నాకు చప్పున వంటబట్టింది. రెండో సగం లోకనాథం గారి జీడి ఫ్యాక్టరీలో వంటబట్టింది. ఆ రోజు సంగతి కాస్త వివరంగా చెబుతాను. జీడిపాకంలా సాగదీస్తున్నానని అనుకోకండి, జీడి ఊరు కదా.

కుర్చీలో కూర్చున్న సంచి

లోకనాథం గారిది పెద్ద ఫ్యాక్టరీ ఏమీ కాదు. ముందు ఆఫీసు గది, వెనక పిక్కలు కాల్చే బట్టీ, దాని వెనక పొట్టు తీసే షెడ్డు. షెడ్డులో ఆడవాళ్లు వరసగా కూర్చుని పని చేసేవారు. వాళ్లకి మేస్త్రీ దాలమ్మ. ఆఫీసులో కంప్యూటర్ చూసేది ఆయన బావమరిది తాతారావు.

ఆ ఏడాది ఎవడో లోకనాథం గారి పేరుని పోలిన అడ్రసు ఒకటి తీసి, "ఈసారి గుండు పప్పు లేదు, ముక్కలే పంపుతాం" అని బొంబాయి కొనుగోలుదారుకి మెయిల్ కొట్టాడు. వాళ్లు నమ్మి, బేరం మానుకున్నారు. నిజం తెలిశాక మళ్లీ మాట్లాడారు గానీ ఒక షరతు పెట్టారు: ఇకమీద సంతకం ఉన్న మెయిలే చూస్తాం. కొత్త సరుకుకి ఒప్పుకుంటూ శుక్రవారం సాయంత్రం, మా ఆఫీసు మూసేలోపు సంతకంతో మెయిల్ రావాలి, లేకపోతే ఆ ఆర్డరు మంగళూరు వాళ్లకి ఇచ్చేస్తాం అన్నారు.

ఆ బేరం పోతే మళ్లీ పిక్కలు వచ్చేదాకా షెడ్డు మూతే. లోకనాథం గారు పైకి అనలేదు గానీ షెడ్డులో అందరికీ తెలుసు.

అందుకని సోమవారం నన్ను పిలిపించారు. దరఖాస్తు పెట్టేటప్పుడే కంప్యూటర్లో కీ పుడుతుంది, కాబట్టి మీట ఆయన చేత్తోనే నొక్కించాలని నేను పట్టుబట్టాను. తాతారావు "నాను నొక్కీత్తాను లెండి, బావకెందుకు" అన్నాడు. "సంతలో పెట్టకూడనిది సంతకం, నువ్వు దూరం జరుగు," అన్నాను. లోకనాథం గారు పంచాంగం తెప్పించి చూసుకున్నారు. ఏకాదశి, మంచి ఘడియ. కాళ్లు కడుక్కొచ్చి, చూపుడువేలితో గంట కొట్టినంత శ్రద్ధగా నొక్కారు. కాగితాలు ఆ సాయంత్రమే విశాఖ పంపాం.

శుక్రవారం ఉదయం సర్టిఫికెట్ వచ్చింది. నేను టెక్కలిలో ఉండి, ఫోన్‌లో చెబుతూ తాతారావు చేత దింపించాను. బాగానే దిగింది. హమ్మయ్య అనుకుని టిఫినుకి కూర్చున్నానో లేదో మళ్లీ ఫోన్.

"మాస్టారూ, ఇది సెల్లదంటంది."

స్కూటర్ మీద పలాస వెళ్లేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది. ఆఫీసులో కూర్చుందామంటే ఉన్న ఒక్క ఖాళీ కుర్చీలో గుడ్డసంచి ఒకటి ఉంది. తీసి కింద పెట్టబోయాను.

"ఆగండాగండి! దాన్ని కదపకండి," అని తాతారావు కేకేశాడు. "పక్కింటి గవరయ్య గారి ప్రస్థానమది. రేపు ఆయన బయలెల్తాడు. రేపు రోజు మంచిది కాదని మొన్నే మంచి గడియలో సంచి తెచ్చి ఇక్కడెట్టినాడు."

మా వైపు ఇది మామూలే. ప్రయాణం చెడ్డరోజున పడితే ముందే మంచిరోజు చూసి ఒక సంచి ఇల్లు దాటించి వేరే ఇంట్లో పెడతారు. ప్రయాణం ఆ రోజే మొదలైనట్టు లెక్క. తరవాత మనిషి వచ్చి సంచి తీసుకుని వెళ్లిపోవడమే. సరే, గవరయ్య గారి ప్రయాణానికి నమస్కారం పెట్టి, నిలబడే కంప్యూటర్ చూశాను.

ముందు గడియారం. శుక్రవారం బదులు బుధవారం చూపిస్తోంది. సర్టిఫికెట్ పుట్టింది ఈ ఉదయం. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బుధవారం నాటికి అది ఇంకా పుట్టనే లేదు. మరి చెల్లదనక ఏమంటుంది! నేను విజయగర్వంతో జేబులోంచి బ్యాటరీ తీసి వేసి, తారీకు సరిచేశాను. సర్టిఫికెట్ చెల్లుతుందని చూపించింది. తాతారావు తెర మీద తారీకుని ఒకసారి ఎగాదిగా చూశాడు. లోకనాథం గారు భోజనం చేసి వస్తారన్నాడు. నేనూ హోటల్‌కి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి లోకనాథం గారు కంప్యూటర్ ముందు సిద్ధంగా కూర్చున్నారు. చెల్లదు. మళ్లీ బుధవారం!

కొత్త బ్యాటరీ కదా అని బ్యాటరీ కంపెనీని తిట్టాను. వైరస్‌ని అనుమానించాను. మదర్‌బోర్డు పోయిందని ప్రకటించాను. లోకనాథం గారు ఓర్పుగా వింటున్నారు. వెనక గుమ్మం దగ్గర దాలమ్మ వచ్చి నిలబడింది.

"బాబూ, ఆడోల్లు అడుగుతన్నారు. ఏటయిందీ? సోమారం నుంచి పనుందా, ఏరే కాడ సూసుకోమంటారా?"

"ఉండవే, మాస్టారు సూత్తన్నారు గదా," అన్నారాయన.

దాలమ్మ నన్ను చూసింది. నమ్మకంతో చూసిందని చెప్పలేను.

మళ్లీ తారీకు సరిచేశాను. ఈసారి కదలకుండా గోడకి ఆనుకుని, మొదటిసారిగా గడియారాన్ని వదిలి మనుషుల్ని చూశాను. లోకనాథం గారు కళ్లజోడు తుడుచుకున్నారు. తాతారావు ఆయన భుజం మీదుగా వంగి, ఎవరికైనా దండ సర్దినంత సహజంగా, మౌస్‌తో గడియారం తెరిచి బుధవారం పెట్టేశాడు.

"నువ్వా!"

"ఏటండీ?"

"తారీకు నువ్వే మారుస్తున్నావా?"

"మరి మార్సొద్దేటి? ఇయ్యాల అమాస గదండీ! అమాస నాడు బావ సంతకం పెడతాడేటి? నిన్న సతుర్దశి, అదీ బాగోదు. మొన్న త్రయోదశి, దివ్యంగా ఉంది. అక్కడికి తోసీసినాను."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"సెప్పడానికేటుంది మాస్టారూ, ఎప్పుడూ సేసేదే. మంచి రోజుకి మార్సీసి, పని సేసీసి, మల్లా ఇటు తిప్పీడమే. ఇన్నాల్లూ కంప్యూటర్ ఏటీ అననేదు."

నిజమే. అంతకుముందు దానికి పుట్టినరోజు ఉన్న వస్తువేదీ ఇవ్వలేదు.

ఏకాదశి బిడ్డ

లోకనాథం గారికి విషయమంతా విప్పి చెప్పాను. తారీకు వెనక్కి తిప్పితే సర్టిఫికెట్ ఉండదు. ముందుకి తిప్పితే రేపటి తారీకుతో ఇవాళ మెయిల్ వెళ్తుంది, దొంగ మెయిల్ దెబ్బ తిన్న బొంబాయి వాళ్లు దాన్ని నమ్మరు. ఇవాళ ఇవాళలాగే ఉండాలి.

ఆయన పంచాంగం తీసి ఒళ్లో పెట్టుకున్నారు. తరవాత, "నవ్వుకోండి మాస్టారూ, పరవానేదు. మా నాన్న అమాస నాడు కాయితమ్మీద ఏలు పెట్టి ఎరగడు. నానూ పెట్టలేదు. ఇయ్యాల పెట్టి, రేపు సరుకు దార్లో మునిగిపోయిందనుకోండి, ఆల్లందరికీ నానేటి సెప్పుకోను?" అని షెడ్డు వైపు చూపించారు.

నవ్వు రాలేదు నాకు. షెడ్డు కోసం పెట్టాలి, షెడ్డు కోసమే పెట్టకూడదు. మనిషి రెండువైపులా ఒకే భయంతో ఉన్నాడు. 'ఇదంతా మూఢనమ్మకం' అని ఒక ఉపన్యాసం నా నోటిదాకా వచ్చింది. ఎందుకు ఆగానో గానీ ఆగాను. నిలబడి నిలబడి కాళ్లు పీకుతున్నాయి. ఆశగా కుర్చీ వైపు చూశాను. గవరయ్య గారి సంచి హాయిగా కూర్చుని ఉంది.

"లోకనాథం గారూ, గవరయ్య గారి ప్రయాణం ఎప్పుడు మొదలైనట్టు?"

"మొన్న. సంచి పెట్టిన్నాడే."

"రేపు రోజు బాగోలేదుగా?"

"రేపు ఊరికే ఎల్లడమే. బయల్దేరడం అయిపోనాది గదా."

"మరి సోమవారం తమరు మీట నొక్కారు. అప్పుడేం జరిగిందనుకున్నారు?"

"దరకాస్తు పెట్టినాం."

"దరఖాస్తుతో పాటు మీ కీ పుట్టింది. మీ చేత్తో, ఈ పెట్టెలో, ఏకాదశి నాడు. ఇవాళ విశాఖ నుంచి వచ్చింది ఆ బిడ్డ మీదేనని చెప్పే సాక్ష్యం. సంతకానికి ప్రస్థానం సోమవారమే పెట్టేశారు. ఇవాళ సంచి తీసుకోవడమే మిగిలింది."

ఆయన వ్యాపారి. ఊరికే ఒప్పుకుంటే జీడి ఊళ్లో బతకలేడు. నావైపు కళ్లు చిన్నవి చేసి చూశారు.

"నా కోసం కల్పించి సెప్తన్నారేటి?"

"చూపిస్తాను."

కీ దాచిపెట్టి ఉండే ఫైలు వెతికి, అది పుట్టిన తారీకు తెరిచాను. సోమవారం, ఆయన పంచాంగం చూసుకున్న ఆ ఘడియ. తాతారావుని అడిగాను, ఆ రోజు గడియారం ఏమైనా ముట్టుకున్నావా అని.

"ముట్టుకోడానికి ఆ రోజుకేటి రోగం? మంచి రోజే గదా!"

ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏ పై ఆఫీసూ ఇవ్వలేదు. లోకనాథం గారు తెర మీద తారీకునీ, ఒళ్లోని పంచాంగాన్నీ మార్చి మార్చి చూశారు. తరవాత లేచి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లారు.

వచ్చి కూర్చుని, "తాతారావూ, తారీకు ఇయ్యాల్టికి పెట్టు," అన్నారు.

"బావా, అమాస..."

"పెట్టమంటన్నాను గదా."

పాస్‌వర్డ్ ఆయన కొడుతున్నప్పుడు తాతారావు తనంతట తానే గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆ వేలు మళ్లీ గంట కొట్టినట్టే మీట నొక్కింది. మోడెమ్ కూసింది, గొణిగింది, మధ్యలో ఒకసారి తెగింది, మళ్లీ కలిసింది. మెయిల్ వెళ్లింది. అక్కణ్ణుంచి జవాబు వచ్చేదాకా లోకనాథం గారు కళ్లజోడు తుడుస్తూనే ఉన్నారు.

సంతకం సరిగ్గా ఉంది, సరుకు సిద్ధం చేయండి అని జవాబు వచ్చింది. లోకనాథం గారు వెనక్కి తిరిగి చూశారు. దాలమ్మ గుమ్మంలోంచి కదలనే లేదు.

"సోమారం పొద్దున్నే రండర్రా," అన్నారు.

"ఒలమ్మ! ఆ ముక్క మజ్జాన్నమే సెప్పుంటే నాలుగు మెతుకులు తిందును గదా బాబూ," అని దాలమ్మ షెడ్డులోకి వెళ్లిపోయింది. లోపల ఒక్కసారిగా గోలగోలగా నవ్వులు వినిపించాయి. గోడలతో సహా ఆ షెడ్డే నవ్వినట్టుంది.

నేను రాసిన రిపోర్టు

సూర్యనారాయణ గారికి ఫోన్‌లో అంతా చెప్పాను. "రిపోర్టులో ఏం రాస్తావు?" అన్నారు. కంప్యూటర్ కాలానికీ స్థానిక కాలానికీ తేడా వచ్చిందని, సరిచేశానని రాస్తానన్నాను. "అబద్ధం లేదు," అన్నారు.

ఆ తరవాత నా సంచిలో బ్యాటరీల పక్కన పంచాంగం చేరింది. ఎవరి దగ్గరకి వెళ్లినా దరఖాస్తుకి ముందే "మంచి రోజు చూసుకున్నారా?" అని అడిగేవాణ్ణి. తరవాత్తరవాత వచ్చిన కుర్ర ఇంజనీర్లు నవ్వేవారు. నవ్వనీ. నేను ముందే అడిగిన చోట మళ్లీ ఎవరూ గడియారం తిప్పలేదు. మనిషి నమ్మకంతో పోట్లాడి మిషన్ని బాగుచేయడం కుదరదు. బాగుచేసినా, మీరు గుమ్మం దాటగానే మళ్లీ బుధవారం అవుతుంది. ఇది మీకు గట్టిగా చెప్పదలుచుకున్న మాట. అయితే నమ్మకం కోసం సర్టిఫికెట్‌కి అబద్ధం చెప్పడమూ కుదరదు. ఈ రెంటి మధ్య సందులో నిలబడాల్సిందే, అక్కడ కుర్చీ ఉండదు.

లోకనాథం గారి సర్టిఫికెట్ గడువు తీరినప్పుడల్లా నేనే వెళ్లాను. కొన్నాళ్లకి కీ కంప్యూటర్లో కాకుండా దానికి గుచ్చే వేలెడంత టోకెన్‌లో పుట్టడం మొదలైంది. ఆయన ఫోన్ చేసి, "మాస్టారూ, మన బిడ్డనెప్పుడు పుట్టిద్దాం?" అనేవారు. పక్కనున్నవాళ్లు ఏమనుకునేవారో!

రిటైరై, పలాస ఇల్లు ఖాళీ చేసి, ఉద్దానంలో మా ఊరు వెళ్లిపోవాల్సిన రోజు మంగళవారం పడింది. నాకు పట్టింపు లేదు. లోకనాథం గారికుంది. ముందురోజు పిలిపించి, "ఆ సంచి ఇలా ఇచ్చీండి," అని నా పనిముట్ల సంచి తీసుకుని తన చేత్తో అదే కుర్చీలో పెట్టారు. రేపు వెళ్లేటప్పుడు తీసుకెళ్లమన్నారు.

మంగళవారం సామాను లారీ ఎక్కించి ఫ్యాక్టరీకి వెళ్లాను. షెడ్డు నడుస్తోంది. కాలుతున్న పిక్కల ఘాటు ముక్కుకి తగిలింది. గుమ్మంలోంచి కుర్చీ కనిపించింది, అందులో నా సంచి. లోకనాథం గారు ఎవరితోనో బేరంలో ఉండి చెయ్యి ఊపారు. నేనూ ఊపి, లోపలికి వెళ్లకుండా వచ్చేశాను.

ఇప్పటికీ అప్పుడప్పుడు తాతారావు ఫోన్ చేస్తాడు.

"మాస్టారూ, మీ సంచెప్పుడు తీసుకెల్తారండీ? వచ్చినోల్లు కూకోడానికి సోటు నేదు."

"ఉండనీ తాతారావూ," అంటాను. "ఇంకా మంచి రోజు కుదరలేదు."